దోమలో దాగిన డీఎన్‌ఏను చూపే మెరుపు

పుదుచ్చేరి ఇందిరానగర్‌లో వెక్టార్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 1975లో నెలకొల్పిన ఈ సంస్థ బోదకాలు వ్యాధి మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ వ్యాధి పురుగు పిల్లలు మన దగ్గర ఎక్కువగా రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తనాళాల్లోకి వస్తాయి. అందుకే సిబ్బంది రాత్రివేళ ఇల్లిల్లూ తిరిగి, నిద్రపోయేవాళ్లను లేపి రక్తం తీయాల్సి వచ్చేది.

మరో దారి, దోమలనే పరీక్షించడం. ఈ వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమలను పట్టి, కలిపి నూరి, వాటిలో పురుగు డీఎన్‌ఏ ఉందేమో వెతుకుతారు. డీఎన్‌ఏ కంటికి కనబడదు కదా! దానికి అతికే వరుసతో ఒక చిన్న డీఎన్‌ఏ ముక్క తయారుచేస్తారు. దాని ఒక కొసన మెరిసే రంగు అణువును, రెండో కొసన ఆ మెరుపును మింగేసే అణువును రసాయనికంగా తగిలిస్తారు. రెండూ దగ్గరగా ఉన్నంతసేపు మెరుపు పైకి రాదు. వెతికే డీఎన్‌ఏ ఉంటే ముక్క దానికి అతుక్కుంటుంది. ఆ డీఎన్‌ఏకు నకళ్లు తీస్తూ వచ్చే ఎంజైమ్ ఈ ముక్కను తెంచేస్తుంది. రంగు విడిపడి మెరుస్తుంది, యంత్రం ఆ వెలుగును కొలుస్తుంది. ఎంత అందమైన ఆలోచనో చూడండి!

డీఎన్‌ఏకు బదులు ప్రోటీన్లను పట్టాలంటే, వాటికి అతికే యాంటీబాడీలు కావాలి. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీలకు మెరిసే రంగు తగిలించింది. నేటి బోదకాలు పరీక్ష స్ట్రిప్‌లో యాంటీబాడీలకు ఆ రంగుకు బదులు అతిసూక్ష్మ బంగారు రేణువులుంటాయి. రక్తంలో పురుగు ప్రోటీన్ ఉంటే అవి ఒకచోట పోగై ఎర్రటి గీత తేలుతుంది. దాన్ని సరిగ్గా పది నిమిషాలకే చూడాలి. ఆలస్యమైతే లేని గీత కూడా కనబడవచ్చు.