ప్రొద్దు గ్రుంకక మునుపే

ఇంటి పనుల మధ్య, ప్రయాణముల మధ్య ఈ కొద్ది నిమిషములు వాక్యము కొరకు ప్రత్యేకించిన మిమ్మును దేవుడు దీవించును గాక. వాయిదా వేసే అలవాటును జయించి, దేవుడిచ్చిన సమయమును సరిగా వాడుకొనుటను గూర్చి ఈ దినము ధ్యానము చేసుకుందాము. బైబిలు దగ్గరున్నవారు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తెరచుకొనండి. 12 నుండి 15 వరకు గల వచనములు మనకు ఆధారము.

మన ఊళ్ళలో కిరాణా కొట్టుకు వెళితే గల్లాపెట్టె పైన ఒక చిన్న బోర్డు చూసి ఉంటారు. నేడు రొక్కము, రేపు అప్పు అని. మరునాడు వెళ్ళినా అదే బోర్డు, నెల తరువాత వెళ్ళినా అదే బోర్డు. కొట్టువాడు ముఖం మీద లేదని చెప్పడు. కానీ ఆ రేపు ఎన్నడూ రాదు. మనమూ దేవుని ఎదుట, తోటివారి ఎదుట ఇలాంటి బోర్డే తగిలించుకొని తిరుగుతున్నాము. "చేయను" అని చెప్పడానికి ధైర్యము చాలదు గనుక "రేపు చేస్తాను" అంటాము. మత్తయి 21వ అధ్యాయములో ప్రభువు ఇద్దరు కుమారుల ఉపమానము చెప్పాడు. ఒకడు ద్రాక్షతోటకు పోనని చెప్పి, తరువాత మనసు మార్చుకొని వెళ్ళాడు. రెండవవాడు ఎంతో మర్యాదగా పోతానని చెప్పి వెళ్ళలేదు. పోనన్నవానికి తన తప్పు తెలుసు. పోతానన్నవాడు తాను మంచి కుమారుడననే అనుకున్నాడు. వాయిదా వేయడములో ఉన్న మోసము అదే సుమా! మాట మంచిదే, పని మాత్రము జరుగదు.

సమయపాలన అనగానే మనకు గడియారము, డైరీ, టైంటేబులు గుర్తుకు వస్తాయి. అవి మంచివే. కానీ లేఖనములలో దేవుడు గడువు పెట్టిన చోట్ల గమనించండి, ఆ గడువుకు అవతల ఎదురుచూస్తున్న ఒక మనిషిని ఆయన మనకు చూపిస్తాడు. ఆ గడువు ఏమిటి? సూర్యాస్తమయము. మూడు సంగతులు ప్రొద్దు గ్రుంకక మునుపే చేయమని దేవుని వాక్యము చెప్పుచున్నది.

మొదటిది, కూలి. బీదవాడైన కూలివానికి ఆ నాటి కూలి ఆ నాడే, సూర్యుడు అస్తమించక ముందే ఇయ్యవలెను. అతడు మన సహోదరుడైనా, పరదేశియైనా ఒకటే న్యాయము. ఎందుకంటే అతడు ఆ డబ్బు మీదనే ఆశ పెట్టుకొని యున్నాడు. లేవీయకాండము 19వ అధ్యాయము 13వ వచనము కూడా కూలి సొమ్ము మరునాటి ఉదయము వరకు మన యొద్ద ఉంచుకొనవద్దని ఆజ్ఞాపించుచున్నది. మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము కాగానే పనివారిని పిలిపించి కూలి ఇప్పించాడు. నేడు చేతిలోని ఫోను నుండే క్షణములో డబ్బు పంపగలుగుచున్నాము. అయినా మన ఇంట అంట్లు తోమే అమ్మకు జీతము ఇయ్యడానికి పదవ తేదీ ఎందుకు దాటుతుంది? ఇల్లు కట్టిన మేస్త్రీ మిగిలిన బాకీ కొరకు ఎందుకు పదిసార్లు తిరగవలసి వస్తుంది? మనకు అది చిన్న ఆలస్యము. అతని ఇంట ఆ రాత్రి పొయ్యి వెలగదు. అటువంటివాని మొర తన చెవిని పడుతుందని దేవుడు హెచ్చరించాడు. గుడిలో మనము పాడే పాటలు విన్న చెవులే ఆ మొర కూడా వింటాయి.

రెండవది, తాకట్టు దుప్పటి. బీదవాడు తన పైబట్ట తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే, దానిని చీకటి పడకముందే తిరిగి ఇయ్యవలెను. అతడు కప్పుకొనుటకు వేరే లేదు. ఈ దినములలో దుప్పటి తాకట్టు పెట్టుకొనేవారు మనలో లేరు అనుకుంటాము. కానీ మనలో ఆఫీసులలో పనిచేయువారున్నారు, ఉపాధ్యాయులున్నారు, సంఘ పెద్దలున్నారు. ఒక వృద్ధురాలి పింఛను కాగితము, ఒక విద్యార్థి సర్టిఫికెట్టు మన సంతకము కొరకు బల్ల మీద పడి ఉన్నదా? మనకు అది ఒక ఫైలు. అవతలివానికి అది ఆ రాత్రి కప్పుకొనే దుప్పటి.

మూడవది, కోపము. ఎఫెసీ సంఘమునకు వ్రాస్తూ పౌలు, సూర్యుడు అస్తమించువరకు కోపమును ఉంచుకొనవద్దని 4వ అధ్యాయము 26వ వచనములో బోధించాడు. కూలి, దుప్పటి ఎట్లు అప్పో సమాధానము కూడా అట్లే అప్పు. అన్నదమ్ములు పొలము గట్టు దగ్గర మాటామాటా అనుకొని మాటలు మానివేస్తారు. వచ్చే క్రిస్మస్‌కు వెళ్లి కలుస్తాను అనుకుంటారు. ఆ క్రిస్మస్ వస్తుంది, ఆ తరువాతిదీ వస్తుంది. పాస్టరుగా భూస్థాపన ఆరాధనలు నడిపించేటప్పుడు సమాధి ప్రక్కన నేను తరచుగా వినే ఏడుపులో సగము ఇటువంటి మాటలే. బ్రతికియుండగా రెండు నిమిషములు పట్టే మాట, అక్కడ గంటసేపు ఏడ్చినా అవతలివానికి వినబడదు.

మరి మంచిదని తెలిసికూడా ఎందుకు వాయిదా వేస్తాము? అన్నివేళలా సోమరితనమే కారణము కాదు. తలాంతుల ఉపమానములో ఒక్క తలాంతు పొందినవాడు దానిని భూమిలో దాచి, చివరకు చెప్పిన కారణము భయము. యజమానుడు ఆ భయమును సోమరితనము అనే పేరు పెట్టి పిలిచాడు. కైసరయలో అధిపతియైన ఫేలిక్సు పౌలు మాటలు విని వణికాడు. నీతిని గూర్చి, ఆశానిగ్రహమును గూర్చి, రాబోవు తీర్పును గూర్చి ఆయన మాట్లాడుచుండగా అతని మనసు కదిలింది. అయినా సమయము దొరికినప్పుడు పిలిపిస్తానని పంపివేశాడు. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయము చూడండి. అతనికి సమయము దొరకలేదా? మాటిమాటికి పౌలును పిలిపించి మాట్లాడాడు. కానీ లంచము దొరుకునేమో అని చూశాడు. రెండేండ్లు గడిచాయి, పదవి పోయింది, పౌలును బంధకములలోనే విడిచిపెట్టి వెళ్ళాడు. వణికిన దినము మాత్రము మరల వచ్చినట్లు లేఖనము చెప్పదు.

ఇంకొందరు అన్నీ సరిగా కుదిరేవరకు ఆగుతారు. గాలి వైపే చూస్తూ కూర్చున్నవాడు విత్తనము వేయడని ప్రసంగి 11వ అధ్యాయములో చెప్పాడు. ఇది మన రైతు సోదరులకు చెప్పనక్కరలేదు. అదను, పదును అనేవి వారి నోట ఉండే మాటలే. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయము 16వ వచనములో సమయము అను చోట గ్రీకులో ఉన్న మాట కైరోస్. గడియారములో తిరిగే కాలము కంటె మన అదను అనే మాటకు అది దగ్గర. అక్కడి క్రియాపదమునకు అంగడిలో వెలపెట్టి కొనుట అని అర్థము. అదను ఉచితముగా రాదు, దానికి వెల ఉన్నది. ఒక్కొక్కసారి ఆ వెల మన నిద్ర, ఒక్కొక్కసారి మన బిగువు, చాలాసార్లు చేతిలో కదిలే ఫోను తెర.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి ఆలస్యమూ పాపము కాదు. లాజరు రోగియై యున్నాడని విన్న ప్రభువు ఉన్నచోటనే రెండు దినములు నిలిచాడు. మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఒక సంగతి ఉన్నది. 1876-78 మధ్య మన ప్రాంతములను పట్టి పీడించిన కరువును పెద్దలు ధాత కరువు అనేవారు. ఆ దినములలో ఒంగోలులో మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగము కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి దొరికేటట్లు చేశారు. అదే సమయములో బాప్తిస్మము కోరి వచ్చినవారిని ఆపి ఉంచారు. తిండి కొరకే విశ్వాసమన్న మాట రాకూడదని ఆయన ఉద్దేశము. సహాయపు పని ముగిసిన తరువాత 1878 జూలై 3వ తేదీన వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. చూశారా, ఆయన బాప్తిస్మములను ఆపాడు గాని కూలిని ఆపలేదు. కనిపెట్టుటకు, వాయిదా వేయుటకు తేడా అక్కడ తెలుస్తుంది. కనిపెట్టువాడు ఎదుటివాని మేలు కొరకు ఆగుతాడు, ఆగినప్పుడు కూడా చేతిలో ఉన్న పని చేస్తూనే ఉంటాడు. వాయిదా వేయువాడు తన సుఖము కొరకు ఆగుతాడు. విశ్రాంతి దినమును ఇచ్చిన దేవుడు మనలను పరుగులు పెట్టించడు. విశ్రమించండి, కానీ ఒకరికి ఇయ్యవలసినది దిండు క్రింద పెట్టుకొని విశ్రమించకండి.

ప్రియులారా, దీనిని ఆచరణలో పెట్టుటకు మూడు చిన్న పనులు చెబుతాను. ఉదయము ప్రార్థనలో చేయవలసిన పనుల చిట్టా వ్రాసుకొనేటప్పుడు, ప్రతి పని ప్రక్కన ఆ పని కొరకు ఎదురుచూస్తున్న మనిషి పేరు వ్రాయండి. పేరు కనబడితే పని బరువు తెలుస్తుంది. రెండవది, పెద్ద పనిని చూసి జంకినప్పుడు దానిలో పావుగంట పని మాత్రమే ఇప్పుడు మొదలుపెట్టండి. చీమ ఒక్కొక్క గింజగానే కదా కూర్చుకుంటుంది! మూడవది, సాయంకాలము దీపము వెలిగించే వేళకు ఒక్క ప్రశ్న వేసుకొనండి. ఈ ప్రొద్దు గ్రుంకక ముందు నేను ఎవరికి ఏమి బాకీ? డబ్బయితే పంపండి. క్షమాపణయితే ఫోను చేయండి. దగ్గరలో ఉంటే చెప్పులు వేసుకొని బయలుదేరండి.

"అయ్యగారూ, నేను ఇప్పటికే చాలా ఆలస్యము చేశాను, ఇంకేమి చేయగలను?" అని అడిగేవారు ఉండవచ్చు. మీ కొరకే అరిమతయియ యోసేపు ఉన్నాడు. అతడు యూదులకు భయపడి రహస్యముగా శిష్యుడైనవాడు. ప్రభువు బోధించుచున్న దినములలో బయటపడలేదు. కానీ ఆ శుక్రవారము సాయంకాలము ప్రభువు సిలువ మీద మన అప్పంతయు తీర్చి ప్రాణము విడిచిన తరువాత, ఇంకొంచెము సేపటిలో ప్రొద్దు గ్రుంకి విశ్రాంతి దినము మొదలు కానుండగా, ఈ భయస్థుడు లేచాడు. తెగించి పిలాతు నొద్దకు వెళ్ళి దేహమును అడిగాడు. తన కొరకు తొలిపించుకొన్న సమాధిని ప్రభువుకు ఇచ్చాడు. ఎన్నో దినములు వాయిదా వేసినవాడే. కానీ ఆ సాయంకాలము రేపు అనలేదు. అందుకే నాలుగు సువార్తలలోనూ అతని పేరు నిలిచింది.

దేవుడు మనలను పిలిచే మాట ఎప్పుడూ నేడు అన్నదే. జక్కయ్యతో ప్రభువు పలికినది ఆ మాటే, సిలువపై దొంగకు ఇచ్చిన వాగ్దానములో ఉన్నదీ ఆ మాటే. రక్షణను వాయిదా వేసినవారు ఈ గడియలోనే ప్రభువును చేర్చుకొనండి. ఇప్పటికే ఆయనవారమైన మనము, ఆయన మనకు క్షమించిన దానిని తలంచుకొని, ఇతరులకు ఇయ్యవలసినది ఈ దినమే ఇద్దాము.

తలలు వంచి ప్రార్థన చేద్దాము. కృపగల తండ్రీ, నీవు లెక్కించి ఇచ్చిన దినములను మేము లెక్కలేక పోగొట్టుకున్నాము, క్షమించుము. ఈ సాయంకాలమునకు ముందు మేము ఎవరి గుమ్మము తట్టవలెనో వారి పేరు మాకు జ్ఞాపకము చేయుము. వెళ్ళుటకు ధైర్యమును, అడుగుటకు వినయమును, ఇచ్చుటకు మనసును దయచేయుము. ఈ మాటలు వినుచున్న ప్రతి ఇంట నేడే సమాధానము కలుగజేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.