కెనడాలో ఇంజనీరు లైసెన్సు



ఇంజనీరింగు పట్టము చేతనుండఁగాఁ గెనడాలో మన బిడ్డల కిఁక నేమి కొఱఁతయని తలిదండ్రులు తలఁతురు. ఒంటారియో రాష్ట్రమున లైసెన్సు లేనివాఁడు 'ప్రొఫెషనల్ ఇంజనీర'ని చెప్పికొనుట చట్టవిరుద్ధము. దానికి 48 నెలల పని యనుభవము కావలెను. వృత్తిధర్మమును గూర్చిన పరీక్షయు నిచ్చుకొనవలెను. విదేశ పట్టభద్రులకు సామాన్యముగా సాంకేతిక పరీక్షయుఁ గలదు.

ఆ యనుభవములో నొక సంవత్సరమైనఁ గెనడాలోనే గడింపవలెనని పూర్వము నిబంధన యుండెను. లైసెన్సు లేనిదే తగిన పని దొరకదు. ఆ పని లేనిదే లైసెన్సు రాదు! తార్కికులు చెప్పు అన్యోన్యాశ్రయ దోష మిదియే. వంతెనల లెక్కలలో నిపుణుఁడైన మా శిష్యుఁ డొకఁడు ఈ చిక్కునఁ బడి యేండ్లకొలఁది గిడ్డంగిలో మూటలు మోసెను. 2023 మే నెలలో నా నిబంధనను దొలఁగించిరి. అది యెఱుఁగక దరఖాస్తే పెట్టనివారు మన సంఘములోఁ గొందఱు గలరని వినుచున్నారము.

ఇచటఁ జేసిన పనియు నచట లెక్కకు వచ్చును గాని, మీ పని నెఱిఁగిన ఇంజనీర్లు దానిని ధ్రువపఱుపవలెను. పై యధికారితోఁ గలహించి యుద్యోగము విడుచుట మన యువకులకు వేడుక! అట్లు చేయక, ఆయన చిరునామాను, మీరు చేసిన పనుల వివరములను దేదీలతోఁ గూడ వ్రాసికొని మఱి విమాన మెక్కుఁడని వేడుచున్నారము.