చేతిలోని కార్డు, సొంతమైన కార్డు



రామచంద్రాపురము భెల్ క్వార్టర్లలోగాని, ఇస్నాపురపు అద్దెగదులలోగాని, కంది ఐఐటీ వసతిగృహములలోగాని సెలవుదినమున ‘మ్యాజిక్ ది గ్యాదరింగ్’ వంటి కార్డుల ఆటకు కూర్చుండు యువకులకును, వారి తల్లిదండ్రులకును నేడొక్క విషయము విన్నవింపదలచితిని: కార్డు ఎవరి అధీనమందున్నది అనుట యొకటి, అది ఎవరి సొత్తు అనుట వేరొకటి, ఈ రెంటిని కలిపివేసినచో చక్కని స్నేహములు సైతము చెడును.

రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు రూపొందింపగా 1993లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ వెలువరించిన ఆ ఆటలో ఈ భేదము స్పష్టముగా నున్నది. ఏ కార్డును ఎవరు తమ డెక్కులో, అనగా కార్డుల కట్టలో, నుంచుకొని ఆట మొదలిడిరో, ఆ ఆట ముగియువరకు దానికి వారే ఓనరు. దానిని ప్రస్తుతము నడిపించువారు కంట్రోలరు. ‘కంట్రోల్ మ్యాజిక్’ అను కార్డు వేసి ప్రత్యర్థి మీ బలమైన క్రీచరును (ప్రాణి కార్డును) లాగుకొనవచ్చును. అది అతని పక్షమున నిలిచి మీ మీదికే రావచ్చును. కాని చచ్చినపుడు అది చేరునది మీ గ్రేవ్‌యార్డునకే (చచ్చిన కార్డుల గుట్టకే), చేతికి మరలింపబడినచో వచ్చునది మీ చేతికే, ఆ కంట్రోల్ మ్యాజిక్ నశించినచో తిరిగి నిలుచునది మీ పక్షముననే.

ఇందులో మరియొక సూక్ష్మమున్నది. స్నేహితుని డెక్కు అడిగి తెచ్చుకొని మీరు ఆడుచున్నచో, ఆట నియమము మిమ్ములనే ఓనరుగా నెంచును. డబ్బిచ్చి కొన్నవాడెవడను ప్రశ్న ఆటకు పట్టదు. చట్టమునకు పట్టును. తిరిగి ఇత్తునని పుచ్చుకొన్న వస్తువును, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 148, 151 సెక్షనులు చెప్పునట్లు, వివేకవంతుడు తన సొంత వస్తువును కాపాడుకొన్నంత శ్రద్ధతో కాపాడి అప్పగింపవలెను. అట్టి కార్డును అమ్మివేసినను, 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టము ప్రకారము, అమ్మువానికి లేని హక్కు కొన్నవానికి సాధారణముగా సంక్రమింపదు.

పాశమైలారము, బొల్లారము షెడ్లలో పనిచేయు తండ్రులకు ఇది క్రొత్త మాట కాదు. పెద్ద కంపెనీ పంపిన డై మీ ప్రెస్సుపై ఎన్నాళ్లు నడచినను అది ఆ కంపెనీదే. జాబ్‌వర్కు సరుకు వెంట డెలివరీ చలాను నడచుట, పంపినదెంత, మరలినదెంత అను లెక్క చెదరకుండుటకే గదా! మీ పిల్లలకును ఆ అలవాటు నేర్పుడు. డెక్కు ఇచ్చునపుడు విలువగల కార్డులను ఫోటో తీసి యుంచవలెను. స్లీవుల (కార్డుల తొడుగుల) రంగు ప్రత్యర్థి స్లీవుల రంగుకు భిన్నముగా నుండవలెను. ఆట ముగిసినపిదప బల్ల విడువకముందే ఎవరి కార్డులు వారు లెక్క చూచుకొనవలెను.

ఈ ఆట తొలినాళ్లలో ఒక కార్డును పందెముగా నొడ్డి, గెలిచినవారికి శాశ్వతముగా నిచ్చివేయు ‘యాంటీ’ పద్ధతి యుండెను; దానికి సంబంధించిన కార్డులు నేడు టోర్నమెంట్లలో నిషిద్ధములు. దానిని మీ ఇండ్లలో పునరుద్ధరింపవలదు. పందెపుటాటలపై 1974 నాటి గేమింగ్ చట్టమును తెలంగాణ ప్రభుత్వము 2017లో సవరించి మరింత కఠినము గావించినదని మరువవలదు. ఇక పదునెనిమిదేండ్లు నిండని బాలురు చేసికొన్న ఒప్పందము చట్టరీత్యా చెల్లదని 1903లోనే, నాటి అత్యున్నత అప్పీలు న్యాయపీఠమైన ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పియున్నది. కావున పిల్లలు కార్డులు మార్చుకొనునపుడు ఇరువైపుల పెద్దలును ఎదుట నుండుట మేలు.

ఎత్తుగడతో ప్రత్యర్థి కార్డును లాగుకొనుట నేర్పు. ఆట ముగియగానే దానిని మర్యాదగా చేతికందించుట సంస్కారము. అధీనము ఆటతో మారవచ్చును గాని, సొత్తు యజమాని మనసార ఇచ్చినపుడే మారవలెను.