మల్లయుద్ధము: నిజమును నాటకమును

మానవుడు ఆయుధమును చేత బట్టుటకు ముందే బాహువులతో పోరాడినాడు. కావున యుద్ధవిద్యలలో మల్లయుద్ధము వయసున మిక్కిలి పెద్దది. మన నిఘంటుకారులు దీనికి నియుద్ధమను పేరు చెప్పి, బాహుయుద్ధమని అర్థము వ్రాసినారు. తెలుగువారు మల్లుని జెట్టి యందురు. వంశపరంపరగా మల్లవిద్యను వృత్తిగా జేసికొన్న జ్యేష్ఠిమల్లుల పేరే ఆ మాటలో నిలిచియున్నది. 12వ శతాబ్దిలో కల్యాణ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము కలదు. మల్లుల తరగతులు, వారి ఆహారము, వారి సాధన, రాజు సమక్షమున జరుగు పోటీలు అందు వర్ణింపబడినవి. అనగా ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే మల్లుని పోషించుట ప్రభువు ధర్మమనియు, మల్లుని పోరు చూచుట విద్వాంసుని పాట వినుటవంటి వినోదమనియు మనవారు తలచిరన్నమాట.

పురాణేతిహాసములలో మల్లరంగము లేనిదే కథ నడువదు. విరాటుని కొలువున వలలుడను పేర వంటలవాడైయున్న భీముడు జీమూతుడను మల్లుని కూల్చినాడు. మధురలో బాలురైన రామకృష్ణులు చాణూర ముష్టికులతో తలపడినారు. ఆ భాగవత కథలో నాకు మిక్కిలి యిష్టమైన ఘట్టము కృష్ణుని పట్లు కావు, చాణూరుని పాటును కాదు. చూడవచ్చిన పురస్త్రీలు తమలో తాము చెప్పుకొను మాటలు. కొండలవంటి మల్లులెక్కడ, ఈ పసివారెక్కడ, సమబలులు కానివారిని పోరాడించు సభ అధర్మసభ కదా యని వారు నొచ్చుకొందురు. పోరు చూచువానికి కూడ ఒక ధర్మము కలదని ఆ స్త్రీలు మనకు నేర్పినారు. నేటి నా ప్రసంగమంతయు ఆ ధర్మమును గూర్చినదే.

మా గుంటూరు, ప్రకాశము మండలముల రైతులకు ఈ ధర్మము క్రొత్తది కాదు. సంక్రాంతికిని తిరునాళ్ళకును మా ప్రాంతమున జరుగు బండలాగుడు పందెములు చూచినవారు నా మాట గ్రహింపగలరు. ఒంగోలు గిత్తల జతలను పళ్ళనుబట్టి విభజింతురు. రెండుపళ్ళ జతతో రెండుపళ్ళ జతయే గాని ఆరుపళ్ళ జత తలపడదు. బండ బరువు ముందే నిర్ణయింతురు. గడియారము చేతబట్టి కాలమును, కొలత చేతబట్టి దూరమును లెక్కింతురు. ప్రత్తిచేను అమ్మి గిత్తలను మేపిన ఆసామియైనను, మిర్చియార్డులో టిక్కీలు మోసి బ్రతుకు కూలివాడైనను ఆ కొలత ముందు సమానులే. బండ అబద్ధమాడదు. అందుకే ఎండలో గంటలకొలది నిలిచి చూచినను జనమునకు విసుగు పుట్టదు.

ఒకనాడు మన యూళ్ళలో తాలింఖానాలుండెడివి. వస్తాదు ఎదుట పిల్లలు దండీలు, బస్కీలు తీసి, కరేలాలు త్రిప్పి, పిమ్మట గోదాలో దిగెడివారు. గోదా మట్టిని పారతో గుల్లచేసి మెత్తగా నుంచుట శిష్యుల పని. ఆ త్రవ్వుటయే వారికి మొదటి వ్యాయామము. వస్తాదుకు మ్రొక్కి, నేలకు మ్రొక్కి, ఎదుటివానితో చేయి కలిపి పట్టు పట్టవలెను. ఎదుటివాని రెండు భుజములును నేలకు తగిలించినవాడే గెలిచినవాడు. ఇంతకు మించిన శాస్త్రము పల్లెటూరి ప్రేక్షకునికి అక్కరలేదు.

ఆంధ్రులలో ఈ బలవిద్యకు కీర్తి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు కోడి రామమూర్తి నాయుడు. ఆయన జన్మస్థానము వీరఘట్టము. అది నాడు శ్రీకాకుళ ప్రాంతము, నేడు పార్వతీపురము మన్యము జిల్లా. విజయనగరమున పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణము పొంది, మరల విజయనగరమునకు వచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడైనాడు. బడిపంతులు వృత్తినుండి వచ్చినవాడగుటచే నాకాయనపై ఒకింత స్వపక్షాభిమానము కలదని శ్రోతలు గ్రహింతురు గాక! పిమ్మట సర్కసు సంఘమును నడిపి దేశమంతట తిరిగినాడు. ఛాతికి బిగించిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచుట, కదలబోవు మోటారుకార్లను త్రాళ్ళతో నిలుపుట, రొమ్ముమీద పలక వేయించుకొని ఏనుగును నిలిపించుకొనుట ఆయన ప్రదర్శనములు. కలియుగ భీముడనియు, ఇండియన్ శాండో యనియు ప్రజలు కొనియాడిరి. ఐరోపాలో శాండో కండలను చూపి కీర్తి గడించినవాడు. మన రామమూర్తి కండలకు తోడు ప్రాణాయామమును, వాయుస్తంభనమును చూపినాడు. 1942లో ఒరిస్సాలోని బలంగీరులో కీర్తిశేషుడైనాడు. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహమును, శ్రీకాకుళమున ఆయన పేరిట క్రీడాంగణమును గలవు.

ఇక్కడ ఒక భేదమును గమనింపవలెను. రామమూర్తి చూపినది బలప్రదర్శనము. గొలుసునకు ప్రత్యర్థి బుద్ధి లేదు. ఏనుగునకు ఓడింపవలెనను పట్టుదల లేదు. మల్లయుద్ధమున అట్లు కాదు. ఎదుటివాడును నీవలెనే తిని, నీవలెనే సాధనచేసి, నిన్ను పడవేయవలెనని వచ్చినవాడు. ఆ పరీక్షకు నిలిచినవారిలో నా మనస్సున ప్రథమస్థానము గామా పహిల్వానునిది.

గామా అసలు పేరు గులాం ముహమ్మద్. 1878లో పంజాబులో పుట్టినాడు. పొడవు అయిదడుగుల ఏడెనిమిది అంగుళములే. ప్రతిదినము వేలకొలది బస్కీలు తీసెడివాడని ప్రతీతి. 1910లో లండను నగరమునకు పోయి, అచ్చటి మల్లులకు బహిరంగముగా సవాలు విసరి, అమెరికా దేశీయుడైన రోలరును ఓడించినాడు. అదే యేట సెప్టెంబరు 10వ తేదీన పోలెండు మల్లుడు జ్బిస్కోతో పోరు జరిగినది. జ్బిస్కో బ్రహ్మాండమైన శరీరము గలవాడు. గామా పట్టు ఎట్టిదో తెలిసిన వెంటనే అతడు బోర్లపడి నేలను కరచుకొన్నాడు. వెల్లకిల త్రిప్పినగాని గెలుపు లేదు, అతడు త్రిప్పనీయడు. రెండున్నర గంటలకు పైగా ఆ పోరు సాగి, జయాపజయములు తేలకయే ముగిసినది. మరల 17వ తేదీన పోరవలసియుండగా జ్బిస్కో రాలేదు. జాన్‌బుల్ పట్టకము గామాకు దక్కినది. పదునెనిమిదేండ్లకు, 1928లో, పటియాలాలో వారిరువురును మరల తలపడినప్పుడు ఒక్క నిమిషమైనను గడువకముందే గామా అతనిని పడవేసినాడు.

నాకు మాత్రము పటియాలా విజయముకంటె లండనులోని ఆ తేలని పోరే గొప్పదిగా తోచును. రెండున్నర గంటలు చూచినవారికి అది విసుగు పుట్టించియుండును; పుట్టించినది కూడ. కాని ఆ విసుగే అది నిజమైన పోరనుటకు సాక్ష్యము. సత్యము ప్రేక్షకుని సౌకర్యము కొరకు తొందరపడదు.

ఆ విసుగే మల్లయుద్ధ చరిత్రను మార్చివేసినది. 1908లో చికాగోలో గాచ్, హాకెన్‌ష్మిట్ అను మహామల్లులు రెండు గంటలు పెనగులాడిన పిమ్మట హాకెన్‌ష్మిట్ ఓటమి నొప్పుకొన్నాడు. అట్టి పోరులకు టిక్కెట్టు కొని వచ్చువారు తగ్గిపోవుచుండిరి. 1920 ప్రాంతములలో అమెరికాలో ఎడ్ లూయిస్, టూట్స్ మాండ్ట్, బిల్లీ శాండో అను మువ్వురు కూడి క్రొత్త పద్ధతి నేర్పరచిరి. పోరునకు కాలపరిమితి పెట్టిరి. గుద్దులు, ఎత్తికుదేయుటలు చేర్చిరి. ఒకే మల్లబృందమును ఊరూరా త్రిప్పిరి. ఎవడు గెలువవలెనో ముందే నిర్ణయించిరి. అది మొదలు వృత్తికుస్తీ రూపకమైనది. కాని రూపకమని ప్రేక్షకునికి చెప్పలేదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ్యుల యెదుట ఆ వ్యాపారస్థులే ఇది వినోదమే గాని పోటీ కాదని ఒప్పుకొనిరి. ఆ ఒప్పుకోలునకు కారణము సత్యముపై ప్రేమ కాదు. పోటీక్రీడలకు వర్తించు పన్నులును, ప్రభుత్వపు అదుపును తప్పించుకొనుటకు.

మన దేశమున ఈ రెండు మార్గముల నడుమ నిలిచినవాడు దారాసింగు. 1928లో అమృతసర్ ప్రాంతమున పుట్టి, 1954లో రుస్తుమే హింద్ బిరుదు నందినాడు. కింగుకాంగు అను హంగేరీ దేశపు భారీమల్లునితో అతని పోరులు దేశమంతట మారుమ్రోగినవి. 1968లో బొంబాయిలో లూ థెజ్ అను అమెరికను మల్లుని ఓడించినాడు. పిమ్మట 1987లో టెలివిజను రామాయణమున హనుమంతుడై ఇంటింట వెలసినాడు. 2012లో మరణించినాడు. అతని పోరులలో ఎన్ని నిజము, ఎన్ని నాటకమని కొందరు వాదింతురు. నేనట్లు వాదింపను. గోదా యెరుగని కోట్లమందికి వ్యాయామముపై గౌరవము కలిగించిన పుణ్యము ఆయనదే.

నాటకమైనంత మాత్రమున నింద్యమా? కాదు. ఆలంకారికులు వీరరసమునకు ఉత్సాహము స్థాయిభావమన్నారు. ఆ రసము కల్పిత కథలోను పుట్టును. 1963 నాటి నర్తనశాల చిత్రమున కృష్ణా మండలపు బరువుల వీరుడు దండమూడి రాజగోపాలరావు భీముడుగాను, ఎస్. వి. రంగారావు కీచకుడుగాను నటించిరి. కీచకుడు నిజముగా చావలేదని ఎవ్వరును టిక్కెట్టు డబ్బు తిరిగి అడుగలేదు. రంగస్థలమని తెలిసి చూచుచున్నాము గనుక అందు మోసము లేదు. నాటకమును నిజమని చాటినప్పుడే దోషము కలుగుచున్నది.

మరియొక విషయము. నాటకమైనను శరీరము నిజము. 1999లో కెనడా మల్లుడు ఓవెన్ హార్ట్‌ను ప్రేక్షకుల వినోదార్థము కప్పునుండి త్రాటితో దింపుచుండగా పట్టు విడిపోయి క్రిందబడి మరణించినాడు. గెలుపోటములు కల్పితములు, ఆ చావు కల్పితము కాదు. కావున ఆ మల్లులను వేషగాండ్రని చులకన చేయుట తగదు.

నేను పనిచేసిన బడిలో పిల్లలు టెలివిజనులో చూచిన పట్లను వేపచెట్టు క్రింద ఒకరిపై నొకరు ప్రయోగించుచుండిరి. ఒకనాడు ఒక పిల్లవాడు మోచేయి బెణికి ఏడ్చుచు వచ్చినాడు. వానిని పడవేసినవాడు వెనుకనే నిలిచి, "మాస్టారూ, వాళ్ళు అంతెత్తునుంచి వేసినా లేచి నడుస్తారు గదండీ! వీడికెందుకండీ దెబ్బ తగిలింది?" అని అడిగినాడు. ఆ ప్రశ్నలో కపటము లేదు. వానికి ఎవ్వరును నిజము చెప్పలేదు. పడువాడు పడుట నేర్చుకొన్నవాడనియు, పడవేయువాడు అతని మెడను కాపాడుచునే పడవేయుననియు, క్రింద పలకలును పరుపును గలవనియు నేను విడమరచి చెప్పితిని. వాడంతయు విని, "అయితే గామా గొప్పా, ఖలీ గొప్పా అండీ?" అని మరల అడిగినాడు.

ఈ ప్రశ్నకు నా సమాధానము ఇది. హిమాచల ప్రదేశపు దలీప్ సింగు రాణా, అనగా ఖలీ, ఏడడుగుల దేహముతో అమెరికా రంగస్థలమున 2007లో జగజ్జెట్టి వేషము కట్టినాడు. మన దేశపు పేద కూలివాడు అంతదూరము పోవుట మెచ్చదగినదే. కాని వేషమునకు కిరీటము కథకుడిచ్చును. గామాకు పట్టకము ప్రత్యర్థి వీపు ఇచ్చినది. రెండింటిని ఒకే త్రాసున తూచరాదు.

నిజమైన పోరు పోరినవారిని మనమెట్లు చూచితిమి? 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో ఖాశాబా జాదవ్ కాంస్యపతకము గెలిచినాడు. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగత పోటీలో అదియే తొలి పతకము. ఆయన ప్రయాణవ్యయమునకై కళాశాల ప్రధానాచార్యుడు తన యిల్లు తాకట్టు పెట్టెనని చెప్పుదురు. 1984లో జాదవ్ రోడ్డు ప్రమాదమున మరణించినాడు. అర్జున పురస్కారము అటుపిమ్మట గాని రాలేదు. గామా సైతము కడపటి దినములలో రోగముతోను లేమితోను బాధపడి 1960లో లాహోరులో కన్నుమూసినాడు. సోమేశ్వరుడు మల్లుని భోజనమునకు ప్రకరణము వ్రాసినాడు. మనము చప్పట్లు మాత్రము వ్రాసియిచ్చితిమి.

2016లో రియో నగరమున సాక్షీ మలిక్ కాంస్యపతకము గెలిచి, గోదా ఆడుపిల్లలదియు నగునని చాటినది. కావున తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. మీ పిల్లలు తెరమీది కుస్తీ చూచిన చూడనిండు. అది నాటకమని మాత్రము చెప్పుడు. పిమ్మట వారిని, మగపిల్లలనియు ఆడుపిల్లలనియు భేదము లేక, ఒక్కనాడైనను నిజమైన గోదాకు తీసికొనిపోయి చూపుడు. అచ్చట ఓడినవాడు లేచి, ఒడలి మట్టి దులుపుకొని, గెలిచినవానితో చేయి కలుపును. ఆ మట్టి నిజము. ఆ చేయియు నిజమే.