మందలో సగం ఆబోతు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఏం మాట్లాడమంటారని సంఘం కార్యదర్శిగారిని అడిగితే, "ఇన్నేళ్లు అక్కడ నువ్వు చేసిన పనేమిటో చెప్పు, మాలో చాలామందికి తెలియనిది అదే" అన్నారు. నేను పశువైద్యుణ్ణి. తిరుపతిలో చదివి, పై చదువుకు అమెరికా వెళ్లి, దక్షిణ టెక్సాస్‌లో మాంసం కోసం పశువులను పెంచే రైతులకు సలహాదారుగా పనిచేశాను. ఏ ఆబోతును కొనాలి, ఏ పెయ్యను ఉంచుకోవాలి, ఏ ఆవును అమ్మాలి? ఈ మూడు ప్రశ్నలే నా ఉద్యోగం. మాంసం పశువుల మాట ఈ సభలో కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. అక్కడి రైతుకు అది మనకు పొగాకు, మిర్చి, శనగ ఎలాగో అలాంటి బతుకుతెరువు. నేను చెప్పబోయేది తిండి గురించి కాదు, ఎంపిక గురించి. పాడికైనా, సేద్యానికైనా ఎంపిక సూత్రం ఒక్కటే.

అక్కడి రైతుకు ఆదాయం ఏడాదికి ఒక్కసారే. ఆవు ఈనాలి, దూడ బతకాలి, ఏడెనిమిది నెలలకు తల్లి పాలు మానిన దూడ తూకంలో నిలవాలి. ఆ దూడను అమ్మితేనే డబ్బు. ఈనని ఆవు కూడా ఈనిన ఆవు తిన్నంత గడ్డి తింటుంది. కాబట్టి ఆ రైతు లెక్కలో మొదటి గుణం దూడ బరువు కాదు, ఏటా ఒక దూడ. చూలు 9 నెలల పైన ఉంటుంది గనుక, ఈనిన ఆవు మూడు నెలల లోపే మళ్లీ చూలు కట్టాలి. ఈ ఒక్క గుణం లేని ఆవుకు మిగతా గుణాలు ఎన్ని ఉన్నా దండగే.

ఇక ఆబోతు సంగతి. ఒక ఆబోతును సుమారు 25 ఆవుల మీదకు వదులుతారు. ఆవు తన జీవితంలో ఏడెనిమిది దూడలను ఇస్తే గొప్ప. ఆబోతు నాలుగైదేళ్లలో వంద దూడలకు తండ్రి అవుతుంది. అందుకే మందలో సగం ఆబోతు అంటారు. నిజానికి సగం కంటే ఎక్కువే. సొంత పెయ్యలనే ఉంచుకునే మందలో ఈ ఏడు పుట్టిన దూడకు తండ్రి నుంచి సగం, తల్లి తండ్రి నుంచి పావు, అమ్మమ్మ తండ్రి నుంచి అరపావు వస్తుంది. మూడూ కలిపితే నూటికి 87.5 వంతులు. అంటే వరుసగా కొన్న మూడు ఆబోతులే దాదాపు మంద మొత్తం. కొన్న రోజున ఒక పశువు ధర కట్టినట్టే ఉంటుంది. ఆ ఎంపిక మంచిదైనా చెడ్డదైనా దాని కూతుళ్ల రూపంలో పది, పదిహేనేళ్లు దొడ్లో తిరుగుతుంది.

మరి ఎలా ఎంచాలి? మన పెద్దలు సుళ్లు చూసేవారు, నడక చూసేవారు, గిట్టలు, మూపురం, గంగడోలు చూసేవారు. సుళ్ల సంగతి పక్కన పెడితే, తక్కిన చూపును నేను ఎన్నడూ తక్కువ చేయను. కాళ్లు వంకరైన ఆబోతు మైళ్ల కొద్దీ మేతబయలులో ఆవుల వెంట నడవలేదు. పొదుగు జారి చనుకట్లు ఉబ్బిన ఆవు దగ్గర అప్పుడే పుట్టిన దూడ పాలు అందుకోలేదు. మనిషిని చూస్తే కుమ్మే పశువు తన దూడలకూ ఆ గుణాన్ని కొంత పంచుతుంది. ఇవన్నీ కంటితో చూడవలసినవే.

కన్నుతో పాటు చెయ్యి కూడా కావాలి. ప్రతి ఏడూ ఆవుల మీదకు వదిలే ముందు ఆబోతును పరీక్ష చేస్తాం. వృషణాల చుట్టుకొలత టేపుతో కొలుస్తాం. రెండేళ్లు దాటిన ఆబోతుకు కనీసం 34 సెంటీమీటర్లు ఉండాలి. వీర్యంలో ముందుకు కదిలే కణాలు నూటికి 30కి, సరైన ఆకారంలో ఉన్నవి నూటికి 70కి తగ్గకూడదు. ఈ కొలత ఆ ఆబోతు ఒక్కదాని కోసమే కాదు. చుట్టుకొలత ఎక్కువున్న ఆబోతు కూతుళ్లు కూడా తొందరగా ఎదకు వస్తాయని పరిశోధనల్లో తేలింది.

అయితే కంటికి కనిపించనిది ఒకటుంది. ఈ ఆబోతు బలిసింది రక్తం వల్లా, మేత వల్లా? దీనికి కన్ను జవాబు చెప్పలేదు, కాగితమే చెప్పాలి. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. మన లెక్కల మాస్టారు ఆరో తరగతిలో నేర్పిన సగటు, తీసివేత చాలు. ఒకే మందలో, ఒకే కాలంలో పుట్టి, ఒకే మేత మేసిన దూడలన్నిటినీ తూచి, 205 రోజుల వయసుకు సరిచేసి, సగటు కట్టి, ఏ దూడ సగటుకు ఎంత పైన, ఎంత కింద ఉందో రాయాలి. మేత అందరికీ ఒకటే కాబట్టి మిగిలిన తేడాలో రక్తం పాలు బయటపడుతుంది. ఒక్క దూడ తూకం వార్త. ఒక ఆబోతు దూడలన్నిటి తూకం సాక్ష్యం.

ఆ తేడా అంతా కూడా సంతానానికి దిగదు. తల్లి పాలు మానేనాటి బరువులో కనిపించే తేడాల్లో రక్తం వాటా సుమారు పావు వంతు. మాంసం నాణ్యతలో అది ఇంకా ఎక్కువ, 40 శాతం దాకా. ఏటా చూలు కట్టే గుణంలో పదో వంతే. అందుకే చూలు కట్టే గుణాన్ని ఒక్క ఎంపికతో పెంచడం కష్టం. దానికి రెండు దారులున్నాయి. చూడి పరీక్షలో వట్టిదని తేలిన ఆవును మొహమాటం లేకుండా తీసేయడం ఒకటి. రెండు దూరపు జాతులను కలపడం రెండోది. టెక్సాస్‌లో బ్రాహ్మన్‌కూ, హియర్‌ఫోర్డ్‌కూ పుట్టిన చారల ఆవుకు 'టైగర్ స్ట్రైప్' అని పేరు. ఎండకు తట్టుకుంటుంది, పిడుదులకు తట్టుకుంటుంది, ఏటా ఈనుతుంది. ఆ బ్రాహ్మన్ ఎక్కడిదనుకున్నారు? గుజరాత్, గిర్, కృష్ణా లోయ పశువులతో పాటు మన ఒంగోలు రక్తం కలిసి అమెరికాలో తయారైన జాతి అది.

అతి ఎక్కడా పనికిరాదన్నది ఎంపికలో మొదట నేర్చుకోవలసిన పాఠం. 1940లలో అమెరికాలో పొట్టిగా, గుండ్రంగా ఉన్న పశువుకే ప్రదర్శనల్లో బహుమతి. అందరూ పొట్టి ఆబోతుల వెంట పడ్డారు. ఆ పొట్టితనంతో పాటు దాగి ఉన్న మరుగుజ్జు లోపం హియర్‌ఫోర్డ్ మందల్లో పాకింది. ఊపిరి ఆడని మరుగుజ్జు దూడలు పుట్టసాగాయి. దానికి విరుగుడుగా 1970లు, 80లలో పొడుగు పశువుల మోజు వచ్చింది. ఆవులు పెద్దవయ్యాయి, వాటి మేత ఖర్చూ పెరిగింది. 500 కిలోల ఆవు కంటే 600 కిలోల ఆవుకు ఒంటిని నిలుపుకోవడానికే సుమారు 15 శాతం ఎక్కువ మేత కావాలి. దూడ అంత పెద్దది కాకపోతే ఆ 15 శాతం నష్టమే.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంటుంది. దాని విలువ తెలిసేది కష్టం వచ్చినప్పుడు. 2011లో టెక్సాస్‌లో కరువు వచ్చింది. ఒక్క ఏడాది కరువుగా అంత తీవ్రమైనది అక్కడి రికార్డుల్లో లేదు. నేను సలహా ఇచ్చే ఒక కుటుంబానికి 300 ఆవులు. గడ్డి, నీళ్లు లెక్కవేస్తే 180కి మించి నిలవవు. 120 ఆవులు కొన్ని వారాల్లో పోవాలి. పక్క దొడ్లవాళ్లు లారీ వచ్చిన వరుసలో ఎక్కించి పంపేస్తున్నారు. ఈ కుటుంబం దగ్గర మాత్రం పన్నెండేళ్ల పుస్తకం ఉంది. ఏ ఆవు ఏ తేదీన ఈనింది, దూడ తూకం ఎంత, ఏ ఏడు తప్పింది, అంతా అందులో ఉంది. ముందు వట్టి ఆవులు, తర్వాత పళ్లరిగినవి, తర్వాత ఆలస్యంగా ఈనేవి, ఆ తర్వాత సగటుకు కింద దూడనిచ్చేవి. అలా గీత గీశాం.

గీతకు అవతల పడ్డవాటిలో ఆ దొడ్డికే అందమైన ఆవులు ఆరు ఉన్నాయి. రోడ్డున పోయేవాళ్లు కారాపి చూసేంత నిండైన ఆవులు. ఏడు విడిచి ఏడు ఈనేవి. ఇంటి పెద్దాయన కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "వాటిని చూస్తే నాకు ముచ్చట. కానీ డాక్టర్, ముచ్చటకు పెట్టడానికి గడ్డి లేదు" అని తనే గేటు తీశాడు. వానలు పడ్డాక, 2014 నాటికి చూడి ఆవుల ధరలు ఆకాశాన్నంటాయి. ఈ కుటుంబం బయట కొనలేదు. నిలుపుకున్న 180 ఆవుల పెయ్యలతోనే మందను మళ్లీ నింపుకుంది. ఆ పొలం ఇవాళ్టికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

ఇప్పుడు మన గడ్డ మీదికి వస్తాను. మన ప్రాంతంలో పోయినవాళ్ల పేరున కోడెదూడకు అచ్చువేసి ఊరికి వదిలే ఆచారం ఉండేది. 'అచ్చోసిన ఆంబోతు' అని ఇవాళ తిట్టుగా వాడుతున్నాం గానీ, ఆ దూడను ఊరి పెద్దలు ఏరికోరి ఎంచేవారు. ఊరి ఆవులన్నిటికీ అదే ఆబోతు. అంటే మందలో సగం ఆబోతన్న సంగతి మన తాతలకు ఏ పుస్తకమూ లేకుండానే తెలుసు. ఒంగోలు జాతి నిలిచింది ఆ తెలివితోనే.

19వ శతాబ్దంలో ఆ పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. నెల్లూరు పేరు అక్కడ 'నెలోర్' అయింది. 1938లో వాళ్లు వంశావళి పుస్తకం తెరిచారు. 1960ల మొదట్లో చివరిగా వెళ్లిన ఆబోతుల్లో ఒకటి 'కర్వాది'. మన ఒంగోలు పక్కనున్న కరవది పేరే అది. వాళ్లు ఆ పశువును మాంసానికి ఎంచారు, తూచారు, రాశారు, తరం తర్వాత తరం ఏరారు. ఇవాళ 20 కోట్లు దాటిన బ్రెజిల్ పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్, దాని సంకరమే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటిందని పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. ఆ ధర చూసి మురిసిపోవడం తేలిక. ఆ ధర వెనకున్న పుస్తకాలే నాకు ముఖ్యం.

మనకు మాంసం ధ్యేయం కాదు. మనకు కావలసింది సేద్యపు బలమా, పాలా, ఎండను ఓర్చే గుణమా? ముందు అది తేల్చుకోవాలి. ట్రాక్టరు వచ్చాక దుక్కిటెద్దు పని పోయింది, ఒంగోలు ఆవు ఊళ్లలో తగ్గింది. బండలాగుడు పోటీల్లో గెలిచే ఎద్దుకు లక్షలు పలుకుతున్నాయి. మంచిదే. కానీ పోటీ మైదానంలో బలం తెలుస్తుంది గానీ, దాని తల్లి ఎన్ని ఈతలు ఈనిందో తెలియదు. గుంటూరు దగ్గర లాంలోనూ, మన జిల్లా చదలవాడలోనూ ప్రభుత్వ క్షేత్రాలు ఒంగోలు జాతిని నిలుపుతున్నాయి. ఊళ్లో రైతు కూడా రాస్తేనే ఆ పని పూర్తవుతుంది.

అందుకే ఒక్క కోరికతో ముగిస్తాను. ఇప్పుడు మన పశువుల చెవులకు 12 అంకెల పోగులు వేస్తున్నారు. వీర్యం గొట్టం మీద ఆబోతు నంబరు ఉంటుంది. ఇంకా కావలసింది ఒక నోటుపుస్తకమే. చెవిపోగు నంబరు, తండ్రి నంబరు, ఎదకు వచ్చిన తేదీ, ఈనిన తేదీ, మొదటి ఏడాదిలో దూడ పెరుగుదల. ఇవి రాయడం ఈ బడి పిల్లలకు వస్తుంది. పశువులున్న ఇంటి పిల్లలు తమ దొడ్డి పుస్తకం రాసేలా ఉపాధ్యాయులు ప్రోత్సహిస్తే, ఆ పుస్తకాల ఖర్చు, ఏటా ఒకసారి వచ్చి ఆ లెక్కలు విప్పి చెప్పే బాధ్యత నావి. పదేళ్ల తర్వాత ఏ ఆవు కడుపున పుట్టిన కోడెను ఆబోతుగా ఉంచాలో చెప్పడానికి మన ఊరికి సాక్ష్యం ఉంటుంది.