వడ్రంగి కొట్టు ముక్కలతో ఇంటి వస్తువులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వడ్రంగి కొట్లలో దర్వాజాలు, మంచాలు చేయగా మిగిలిన టేకు, వేప ముక్కలు దొరుకుతాయి. అడవిలో చెట్టును ముట్టనక్కర్లేదు, చేతిపనికి ఆ ముక్కలే చాలు.

మొదట ఫోను స్టాండు చేసి చూడండి. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, అంగుళం మందం ఉన్న ముక్క తీసుకోండి. ఫోను పట్టేంత ఎడంతో, కాస్త వెనక్కి వాలేలా, అర అంగుళం లోతున రెండు రంపపు కోతలు కోయండి. మధ్య చెక్కను ఉలితో తీసేయండి. తర్వాత 80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితం వరుసగా వాడండి. నార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి.

చివరికి అవిసె నూనె పట్టించండి. నూనె గుడ్డను ఉండచుట్టి పడేయకండి. దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది, విప్పి ఆరేయండి.

రంపపు పొట్టునూ పారేయొద్దు. జనగామకు దగ్గర్లోని చేర్యాల కళాకారులు పొట్టులో చింతగింజల జిగురు కలిపి, కొబ్బరి చిప్పల మీద ముఖాలు దిద్ది రంగులేస్తారు. సెలవుల్లో పిల్లలతో ఆ పని కూడా చేయించండి.