వెండి ఉప్పుగిన్నె

పాతకాలపు ఇంగ్లాండులో, సంపన్నుల భోజనాల బల్లమీద చిన్న చిన్న వెండి ఉప్పుగిన్నెలు ఉండేవి. దగ్గరగా చూస్తే, చాలావాటి లోపల నీలం గాజు గిన్నె ఒకటి ఇమిడి ఉంటుంది. కొన్నిటికి లోపల బంగారు పూత. అందం కోసమే అనుకుంటాం. కాదండీ, ఉప్పు కోసం! చెమ్మగిల్లిన ఉప్పు వెండిని తినేస్తుంది. ముందు నల్లమచ్చలు, ఆపైన గుంటలు. ఆ గిన్నెలు చేసిన పనివాళ్ల ముందుచూపు ఎంత గొప్పదో!

అలాంటి గిన్నెమీద, నడుస్తున్న సింహం బొమ్మతో ముద్ర ఉందా? అయితే అది స్టెర్లింగ్ వెండి. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండే. ముద్రను గట్టిగా రుద్దకండి, అరిగిపోతుంది.

మన ఇళ్లలో వెండిగిన్నెలకూ ఉప్పుతో అదే ముప్పు. ఉప్పు, ఊరగాయ వాటిలో నిలవ ఉంచకండి. వడ్డన కాగానే కడిగి, మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడవండి.